ఫ్యాక్టరీ ఫొటోలకు స్టూడియో టీమా, ఫ్రీలాన్సరా? ఏది మేలు?

బెంగళూరులో పీణ్య, బొమ్మసంద్ర, జిగణి వైపు యూనిట్లు నడిపే మన తెలుగువాళ్లు పదేపదే అడిగేదే: కేటలాగుకు ఫొటోలు కావాలి, స్టూడియోవాళ్ల కొటేషన్ ఫ్రీలాన్సర్ చెప్పినదానికంటే బాగా ఎక్కువగా ఉంది, ఆ ఎక్కువ దేనికి?

కెమెరాలు ఇద్దరివీ ఇంచుమించు ఒకటే. తేడా అంతా లైట్లలో, వాటిని మోసే మనుషుల్లో ఉంది.

షెడ్డులో వెలుతురు ఒక్క రంగులో ఉండదు. పైన ఫైబర్ షీట్ల గుండా ఎండ, దాని పక్కనే హైబే ఎల్‌ఈడీలు (ఎత్తైన కప్పు నుంచి వేలాడే పెద్ద లైట్లు). వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా కెమెరాలో చేసే సర్దుబాటు, ఒకదానికి కుదిర్చితే రెండోది పచ్చగానో నీలంగానో తేలుతుంది. ఎడిటింగులో అది పూర్తిగా పోదు. మన ఫ్లాషే ఆ వెలుతురును మించాలి. ఫ్లాష్ బలాన్ని వాట్-సెకన్లలో కొలుస్తారు. కెమెరా నెత్తిన పెట్టే చిన్న ఫ్లాష్, అంటే స్పీడ్‌లైట్, సుమారు 75 వాట్-సెకన్లు. 600 వాట్-సెకన్ల బ్యాటరీ ఫ్లాష్ దానికి 8 రెట్లు, అంటే 3 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టె, అదే సాఫ్ట్‌బాక్సు, తొడిగితే అందులోనూ కొంత పోతుంది. ఫ్రీలాన్సర్ బ్యాగులో రెండు స్పీడ్‌లైట్లే ఉంటే పెద్ద మెషీన్ దగ్గర చేతులెత్తేయాల్సిందే.

ఇంకో తలనొప్పి: 50 హెర్ట్జ్ కరెంటు మీద నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సైలెంట్ షట్టర్‌తో (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్), ఎక్కువ వేగంలో తీస్తే ఫొటో నిండా చారలు. మెకానికల్ షట్టర్ వాడి, వేగం 1/50 లేదా 1/100 సెకను పెడితే చాలావరకు తప్పుతుంది. కెమెరా వెనక చిన్న తెర మీద ఈ చారలు ఒక్కోసారి కంటపడవు. అందుకే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి తీసేవాళ్లే కావాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్ సంగతి మరీ మొండిది. లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టర్ బిగిస్తే మెరుపు పోతుందనుకుంటారు. గాజు, నీళ్ల మీద పనిచేసినట్టు అది ఉత్త లోహం మీద పనిచేయదు. వస్తువుకంటే పెద్ద తెల్లగుడ్డ ఫ్రేమ్ నిలబెట్టి, ఆ గుడ్డ వెనక నుంచి లైటు వేయాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలికి ఆ ఫ్రేమ్ పడిపోకుండా ఇసుక సంచులు వేయాలి, ఒక మనిషి కాసుకోవాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. మెషీన్లున్న షెడ్డుకైతే నా ఓటు స్టూడియో టీముకే, అదీ ముందురోజు వచ్చి చోటు చూసుకునే టీముకు.

ఆంధ్రా మెస్ మెనూకు ఇంత హంగామా అక్కర్లేదు. మధ్యాహ్నం 3 దాటాక కిటికీ పక్క టేబులు, ఒక సాఫ్ట్‌బాక్సు, ఎదురుగా తెల్ల థర్మాకోల్; మంచి ఫ్రీలాన్సర్ చాలు. చిన్న వస్తువులైతే గంటల లెక్కన స్టూడియో అద్దెకు తీసుకోండి. వాట్సాప్ కేటలాగుకు ఫోనే ఎక్కువ.

కొటేషన్ చేతికొచ్చాక రెండు చూడండి. ఒకటి, గంటలు ఎక్కణ్నుంచి లెక్క: మీ గేటు దగ్గర నుంచా, వాళ్లు బయల్దేరినప్పటి నుంచా? సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటాల్సి ఉంటే ఇది చిన్న విషయం కాదు. రెండు, హక్కులు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. కొటేషన్ చివర చిన్న అక్షరాల్లో 'ఏడాది వాడకానికి మాత్రమే' అని ఉంటే ఆ వేరే ఒప్పందం అదే. అడ్వాన్స్ ఇవ్వకముందే కొట్టేయించండి.