మహిళా బైక్ రేసర్లకు ఏది మేలు: విడి ఛాంపియన్‌షిప్పా, అందరితో కలిసి పోటీనా?

ప్రపంచ మోటార్‌సైకిల్ రేసింగ్ సమాఖ్య ఎఫ్‌ఐఎం 2024లో మహిళలకు విడిగా సర్క్యూట్ రేసింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే: "హెల్మెట్ పెట్టుకున్నాక ఆడేంటి, మగేంటి? కలిసే నడపొచ్చు కదా!" నడపొచ్చు. నడిపి గెలిచారు కూడా.

స్పెయిన్ అమ్మాయి అనా కరాస్కో 2018లో సూపర్‌స్పోర్ట్ 300 అనే, ఆడా మగా కలిసి నడిపే చిన్న బండ్ల క్లాసులో ప్రపంచ టైటిల్ కొట్టింది. ఆఖరి రేసు ఫ్రాన్స్‌లోని మాన్యీ-కూర్‌లో. గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరుసల్లో) ఎక్కడో వెనక, 25వ చోటు నుంచి బయల్దేరింది. గుంపులో ఒక్కొక్కరినే దాటుకుంటూ 13వ స్థానంలో గీత దాటింది. 13వ స్థానానికి వచ్చేవి మూడు పాయింట్లు. టైటిల్ దక్కింది ఒకే ఒక్క పాయింటు తేడాతో! సర్క్యూట్ మీద ఒక్కరే నడిపే బండ్ల రేసుల్లో (సోలో రోడ్ రేసింగ్) అంతకుముందు ఏ మహిళా ప్రపంచ ఛాంపియన్ కాలేదు. ఆ రేసు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అదే కరాస్కో 2022, 2023 సీజన్లలో మోటో3లో (ఇదీ కలిసి నడిపే చిన్న బండ్ల క్లాసే) వెనక వరుసల్లోనే ఉండిపోయింది. 2024లో మహిళల ఛాంపియన్‌షిప్‌కి వచ్చి తొలి టైటిల్ గెలిచింది. రెండేళ్ళు నడపడం మర్చిపోయి మళ్ళీ నేర్చుకుందా? కాదు కదా.

అందుకే నా లెక్కలో పోటీ ఎవరితో అన్నదాని కన్నా, కింద ఏ బండి ఉందన్నదే ముఖ్యం. కలిసి నడిపే క్లాసుల్లో మంచి టీమ్‌లో సీటు కావాలంటే స్పాన్సర్ డబ్బు ఉండాలి. అది లేని అమ్మాయికి దొరికేది వెనకబడిన టీమ్. బండి అంతంతమాత్రం, ఫలితాలూ అంతే. అవి చూసి మరుసటి ఏడాది స్పాన్సర్ రాడు. తప్పు బండిదైనా మాట పడేది అమ్మాయే. మహిళల ఛాంపియన్‌షిప్‌లో అందరి కిందా ఒకటే బండి, యమహా ఆర్7, 689 సీసీ. తొలి సీజన్‌లో ఆరు రౌండ్లు, రౌండ్‌కు రెండేసి రేసులు. బ్రేక్ ఎక్కడ పట్టింది, మలుపులోంచి థ్రాటిల్ ఎంత ముందుగా తెరిచింది అన్నవే స్థానాన్ని తేలుస్తాయి. నా ఓటు దీనికే.

లోటు లేదని కాదు. ముందు ఇద్దరు ముగ్గురు విడిపోయి దూరమైపోతుంటారు. తొలి ఏడాది కరాస్కో, మరియా హెరేరా, సారా సాంచెజ్. 2025లో హెరేరా ఛాంపియన్, బియాట్రిజ్ నెయిలా రెండో స్థానం. ఇరవై మంది గుంపులో స్లిప్‌స్ట్రీమ్ (ముందు బండి వెనక గాలి తాకిడి తక్కువుండే చోటు) పట్టుకుని, ఆఖరి మలుపులో లోపలి వైపు నుంచి దూరే నేర్పు ఇలా విడిపోయి నడిపితే అబ్బదు. కాబట్టి కలిసి నడిపే క్లాసులో ఇప్పటికే మంచి బండి దొరికినవాళ్ళు దాన్ని వదులుకోకూడదు. మిగతావాళ్ళకు మాత్రం ఆర్7 మీద మొదలుపెట్టడమే మేలు.

సైడ్‌కార్‌లో, అంటే ఒకరు నడుపుతుంటే ఇంకొకరు ప్యాసింజర్‌గా పక్కన బరువు అటూ ఇటూ మార్చే మూడు చక్రాల బండి రేసుల్లో, ఫిన్లాండ్‌కు చెందిన కిర్సీ కైనులైనెన్ 2016లో ప్యాసింజర్‌గా ప్రపంచ టైటిల్ గెలిచింది. గొప్ప విజయమే, కానీ ఆ విద్య వేరు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని టీటీ రేసు సర్క్యూట్‌లో కాకుండా మామూలు రోడ్ల మీద జరిగేది, ఈ పోలికలోకి రాదు.

సూపర్‌స్పోర్ట్ 300 స్థానంలో 2026 నుంచి స్పోర్ట్‌బైక్ క్లాసు వచ్చింది. అందులో ఆర్7 కూడా పరుగెడుతుంది. చేతికి అలవాటైన బండే. మహిళల ఛాంపియన్‌షిప్‌లో పోడియం (మొదటి మూడు స్థానాలు) ఎక్కినవాళ్ళను అక్కడి ముందు వరుస టీమ్‌లు పిలిచి సీటిస్తే చూడాలని ఉంది.