ప్రయాణానికి చిన్న ట్యాబ్ కొంటున్నారా? పెట్టె మీది అంకెలు నమ్మకండి

కాశీ వెళ్తున్న అమ్మానాన్నల కోసం ఆన్‌లైన్‌లో ఒక ఎనిమిది అంగుళాల ట్యాబ్ కొన్నాను. ధర ఏడు వేల లోపే. పెట్టె మీద 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్, ఆండ్రాయిడ్ 14 అని ఉంది. ఫోన్‌లో అక్షరాలు నాన్నగారి కళ్లకు ఆనవు. ఇదైతే టికెట్లు, మ్యాపులు పెద్దగా కనిపిస్తాయి, రైల్లో సినిమాలూ చూసుకుంటారు అనుకున్నాను. ఆఫ్‌లైన్ మ్యాపులు దించి, పెన్‌డ్రైవ్ నుంచి నలభై సినిమాలు ఎక్కించాను. అన్నీ కాపీ అయినట్టే చూపించింది. ఒక్కటి కూడా నడిపి చూడలేదు.

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాను. బల్లార్షా దాటకముందే నాన్నగారు ఫోన్ చేశారు. "మొదట్లో ఎక్కించినవే వస్తున్నాయిరా, మిగతావి తెరుచుకోవట్లేదు" అన్నారు.

సినిమాలు పోతే పోయాయి. విశ్వనాథుడి దర్శనం అయ్యాక మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమానికి నడిచి వెళ్దామని ట్యాబ్ తీశారట. మ్యాప్ వచ్చింది కానీ, తామెక్కడున్నారో చూపించే నీలం చుక్క రాలేదు. ఇద్దరికీ హిందీ రాదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ సందుల్లో గంటకు పైగా తిరిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తిరిగొచ్చాక ట్యాబ్‌ని కూర్చొని పరీక్షించాను. ఉపగ్రహాల సాయంతో మనమెక్కడున్నామో కనిపెట్టే జీపీఎస్ చిప్పే అందులో లేదు. ఇది చౌక ట్యాబుల సంగతి మాత్రమే కాదు, ఐప్యాడ్ మినీలో కూడా వైఫై మోడల్‌కు జీపీఎస్ ఉండదు, సిమ్ మోడల్‌కే ఉంటుంది. ప్రయాణం కోసం కొనేవాళ్లు స్పెసిఫికేషన్లలో ముందు చూడాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

జీపీఎస్ లేదని పెట్టె మీద చెప్పలేదంతే. మిగతావి మాత్రం పచ్చి మోసం. అసలు స్టోరేజ్ 32 జీబీ. అది నిండాక ఎక్కించిన ఫైళ్లకు పేర్లే మిగిలాయి, లోపల ఏమీ లేదు. 12 జీబీ ర్యామ్‌లో 8 జీబీ వర్చువల్, అంటే ఉన్న స్టోరేజ్‌లోనే కొంత ర్యామ్‌లా వాడుకోవడం. దాంతో వేగం రాదు. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ 14 అని కనిపిస్తుంది కానీ, పరికరం వివరాలు చూపే యాప్‌లో ఏపీఐ లెవెల్ (ఆండ్రాయిడ్ వెర్షన్‌ను తెలిపే అంకె) 27 అని వచ్చింది. అది ఆండ్రాయిడ్ 8.1. నిజంగా 14 అయితే 34 ఉండాలి.

కాబట్టి ట్యాబ్ వచ్చిన రోజే ఈ పరీక్షలు చేయండి. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ నొక్కితే ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్, అంటే ఆ పరికరానికి గూగుల్ ఆమోదం, ఉందో లేదో తెలుస్తుంది. నాదానికి లేదు. స్టోరేజ్ నిండేదాకా పెద్ద ఫైళ్లు ఎక్కించి, చివర్లో ఎక్కినవి తెరిచి చూడండి. వైఫై ఆపేసి మేడ మీదికెళ్లి మ్యాప్‌లో నీలం చుక్క కదులుతుందేమో చూడండి. ఓటీటీలో సినిమాలు చూసేవాళ్లు వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా ఓటీటీలు వాడే గూగుల్ రక్షణ పద్ధతి) ఎల్1 స్థాయిలో ఉందో లేదో కూడా ఆ వివరాల యాప్‌లో చూసుకోవాలి. ఎల్3 అయితే ఎంత మంచి తెరైనా బొమ్మ మసగ్గానే వస్తుంది. పెట్టె మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబర్ ఉంటే, అది నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో తేలిపోతుంది.

నేను డబ్బు వాపసు అడిగేసరికి ట్యాబ్ వచ్చి పన్నెండు రోజులైంది. "ఏడు రోజుల్లో రీప్లేస్‌మెంట్ మాత్రమే, డబ్బు వాపసు లేదు" అన్నాడు అమ్మినవాడు. ఆ మాటకు తగ్గకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోననడానికి అమ్మకందారుకు వీల్లేదు. సైట్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నేను ఆయనకు వీడియోలు, స్క్రీన్‌షాట్లు పంపి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు.

ఇలాంటి ట్యాబ్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే అందులో బ్యాంక్ యాప్‌లు, యూపీఐ అస్సలు ఉంచకండి. అంత పాత ఆండ్రాయిడ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. నాన్నగారి గూగుల్ ఖాతా అందులోంచి తీసేసి, పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చాను. మీరూ ఈ రాత్రే ఆ పని చేయండి.