డాలస్ నల్లమట్టి మీద షెడ్డు: కంకర బేస్, స్క్రూ యాంకర్లు కొన్నేళ్లు వాడాక

పెరట్లో షెడ్డు పెట్టుకుంటామని మనవాళ్లు ఎవరు అడిగినా ముందు కింద వేసే కంకర గురించే చెబుతాను. చెక్క షెడ్డా, ప్లాస్టిక్ షెడ్డా అన్నది ఎవరి బడ్జెట్టు వాళ్లది. టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనోలో మా 8 బై 10 అడుగుల చెక్క షెడ్డు తలుపులు ఇన్నేళ్లయినా పట్టేయకుండా తెరుచుకుంటున్నాయంటే ఆ పుణ్యం కంకరదే.

మాది పర్చూరు వైపు. ఇక్కడి నేల అచ్చం మా ఊరి నల్లరేగడే. వాన పడితే ఉబ్బుతుంది, ఆగస్టుకల్లా చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అందుకే ఇక్కడ చాలామంది వేసవిలో ఇంటి పునాది చుట్టూ సోకర్ హోస్ (పొడవునా నీరు ఊరే గొట్టం) పరిచి మట్టిని తడుపుతూ ఉంటారు. ఇలాంటి నేల మీద షెడ్డు కోసం పల్చటి కాంక్రీటు పలక పోస్తే, మట్టి కదిలినప్పుడు అది పగులుతుంది. పగిలాక దాన్ని ఎత్తి సరిచేయడం మన చేతిలో పని కాదు.

తవ్వే ముందు ఇక్కడ ఫోన్ చేయాల్సిన నంబరు 811కి చేసి, భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లకు గుర్తులు పెట్టించుకున్నాకే తవ్వకం మొదలుపెట్టాం. 6 అంగుళాల లోతు తీసి, మట్టి కంకరలో కలవకుండా ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ముప్పావు అంగుళం కంకర రెండు పొరలుగా పోసి, అద్దెకు తెచ్చిన ప్లేట్ కంపాక్టర్‌తో ఒక్కో పొరా దిమ్మిస చేశాం. గుండ్రటి పీ గ్రావెల్ మాత్రం వద్దు, కాలు పెడితే జారిపోతుంది. కొట్టిన కంకరకు అంచులుంటాయి కాబట్టి రాయీ రాయీ పట్టుకుని నిలుస్తాయి. బేస్ షెడ్డు కన్నా అన్ని వైపులా ఒక అడుగు ఎక్కువే ఉండాలి. చూరు నీళ్లు మట్టి మీద కాకుండా కంకర మీద పడితే సగం బాధ తప్పినట్టే.

దాని విలువ 2023 వేసవిలో తెలిసింది. వారాల తరబడి చుక్క వాన లేదు. ఫెన్స్ పక్కన పెద్ద ఓక్ చెట్టు ఉంది, దాని వేళ్లు అటువైపు తడినంతా లాగేశాయి. ఆ మూల మట్టి కుంచించుకుపోయి షెడ్డు ఒరిగింది. రెండు తలుపుల మధ్య పైన సందు, కింద రాపిడి. మా బావమరిది వచ్చాడు. ఆ మూల షెడ్డును నేలకు పట్టి ఉంచే స్క్రూ యాంకర్ (మట్టిలోకి తిప్పి దించే ఇనుప కడ్డీ) పట్టీ వదులు చేసి, కారు జాకీతో షెడ్డు అడుగున ఉన్న దుంగను కొద్దిగా లేపి, కింద కంకర కూరి దిట్టంగా కొట్టి, రసమట్టం పెట్టి చూస్తూ దించాం. ఒక పూట పని, రెండు బస్తాల కంకర. తలుపులు మళ్లీ మొదటి రోజులా కలిశాయి. కాంక్రీటుతో ఈ సుఖం లేదు.

నాలుగు మూలలా బిగించిన స్క్రూ యాంకర్లను కూడా చాలాకాలం ఇలాగే మెచ్చుకున్నాను. 2024 మే 28 ఉదయం డాలస్ చుట్టుపక్కల గాలివాన విరుచుకుపడి లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. వెనకింటి రేకుల షెడ్డు జరిగి ఫెన్స్‌కి గుద్దుకుంది. మాది అంగుళం కదల్లేదు. అప్పట్నుంచి అడిగినవాళ్లందరికీ ఈ యాంకర్లే వేయించాను.

కాకపోతే మే నెలలో మట్టి తడిగా ఉండి, వాటిని గట్టిగా పట్టుకుని ఉంది. అదే ఏడాది ఆగస్టులో చూస్తే చెట్టు వైపు యాంకర్ చేత్తో ఊపితే ఊగింది, చుట్టూ నెర్రె. అలాంటప్పుడు తిప్పి బిగిద్దామన్నా ఎండిన రేగడిలో దిగదు. ఇప్పుడు ఏటా వసంతకాలంలో నేల మెత్తగా ఉన్నప్పుడే బిగించి, వేసవిలో సోకర్ హోస్‌ను షెడ్డు మూలల దాకా లాగుతున్నాను. తడి ఉన్నంతకాలం నమ్మొచ్చు, ఎండాకాలం గాలికి మాత్రం నేను పూచీ పడను.

ఇదంతా మా పెరటి సంగతి. నేల చదును, మూడు వైపులా ఫెన్స్, షెడ్డులో ఉండేవి తోట పనిముట్లు, బీరపాదు పందిరి కర్రలు, మట్టి బస్తాలు. మీది వాలు నేలైనా, లోపల రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోత బండి) లాంటి బరువు పెట్టాలన్నా ఈ కంకర ఒక్కటే చాలుతుందని చెప్పలేను. లోతైన పియర్ల (నేలలోకి దించే పునాది స్తంభాల) గురించి తెలిసిన కాంట్రాక్టరును ముందు అడగండి.