కనపడకుండా పెట్టిన ఆంప్లిఫయర్, పాటల్లేని ప్రయాణం

చూసిన చోట్లు బాగున్నాయి, దిగిన గది శుభ్రంగా ఉంది. నా కోపమంతా ప్రయాణానికి వారం ముందు కారులో ఆంప్లిఫయర్, అంటే పాట శబ్దాన్ని పెంచే పెట్టె, బిగించినతని మీదే.

బయల్దేరిన నలభై నిమిషాలకు పాట ఆగిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత దానంతటదే మొదలైంది, పావుగంటకు మళ్లీ ఆగింది. అమ్మాయి అలిగి కిటికీ వైపు తిరిగిపోయింది. "ఫ్యూజ్ పోయుంటుంది బావా" అన్నాడు మా బావమరిది. ఫ్యూజ్ పోతే మళ్లీ ఎలా పాడుతుంది?

బండి ఆపి డిక్కీలో బ్యాగులు, దుప్పట్లు దించాం. వెనక పలక కింద ఆంప్లిఫయర్‌ను తలకిందులుగా వేలాడదీశాడు మహానుభావుడు! పాడవకుండా తనంతట తానే ఆగిపోయిందని చెప్పే ప్రొటెక్ట్ లైటు ఎర్రగా వెలుగుతోంది. వేడిని బయటికి వదిలే దాని లోహపు రెక్కల మీద రెండు సెకన్లు కూడా చెయ్యి ఆనలేదు. వేడిగాలి పైకి పోవాలి కదా, అక్కడ పైన పెట్టె, దానిపైన పలక. "బయటికి కనపడకుండా నీట్‌గా పెట్టాను సార్" అని ఆరోజు చెప్పింది దీని గురించే.

మధ్యాహ్నం ఆగిన చోట ఒక కార్ ఎలక్ట్రీషియన్ దొరికాడు. రెండు గంటలు పట్టింది, ఒక్క నిమిషం కూడా వృథా కాలేదు. వెనక సీటు వీపుకు చెక్క బిగించి, రెక్కలు నిలువుగా ఉండేలా, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదిలి పెట్టాడు. సబ్‌వూఫర్ (దద్దరిల్లే బరువు శబ్దాలకు వాడే పెద్ద స్పీకరు) డబ్బా మీద వద్దన్నాడు, అదురుకు లోపలి టంకాలు వదులవుతాయట. ఎర్త్ వైరును కారు బాడీకి బిగించే బోల్టు కింద పెయింటు గీకనేలేదని చూపించాడు. దాంతో కరెంటు సరిగా పారదు. వోల్టేజీ పడిపోతే సౌండ్ చీలుతుంది, సరిపోలేదని మనం ఇంకా పెంచుతాం, వేడి ఇంకా పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు స్పీకర్ల దగ్గర. బ్రిడ్జ్ చేస్తే, అంటే ఆంప్లిఫయర్ రెండు చానెళ్లను ఒకటిగా కలిపి వాడితే, స్పీకర్ల నిరోధం నాలుగు ఓమ్‌లకు తగ్గకూడదని మాన్యువల్లో ఉంటే, నాలుగేసి ఓమ్‌ల సబ్‌వూఫర్లు రెండింటినీ ప్యారలల్‌గా కలిపి రెండు ఓమ్‌లు చేశాడు మొదటతను. ఓమ్‌లు తగ్గితే కరెంటు ఎక్కువ లాగి, వేడి పెరుగుతుంది. ఇతను ఒకటి తీసేసి, ఆంప్లిఫయర్ మీది గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే మీట) తగ్గించాడు. కంప్యూటర్‌లో వాడే పన్నెండు వోల్టుల ఫ్యానొకటి రెక్కల మీదుగా గాలి ఊదేలా పెట్టాడు. ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే సన్న రిమోట్ వైరు నుంచి ఫ్యానుకు నేరుగా కరెంటు లాగొద్దు, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్చి) వెయ్యండి అని మరీ మరీ చెప్పాడు.

మీరూ బిగించుకునేటప్పుడు పక్కనే నిలబడండి. కనపడకుండా పెడతానంటే గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో అడగండి.

తిరుగు ప్రయాణం ఆరు గంటలు. పాట ఎక్కడా ఆగలేదు. ఇంటికొచ్చాక అమ్మాయే డిక్కీ తెరిచి రెక్కల మీద అరచెయ్యి పెట్టింది. "గోరువెచ్చగా ఉంది నాన్నా" అంది, చెయ్యి తియ్యకుండానే.