ఉబుంటులో వర్డ్‌ప్యాడ్: వైనా, వర్చువల్‌బాక్సా, లిబ్రేఆఫీసా?

విండోస్ 95తో వచ్చిన చిన్న రాత ప్రోగ్రాము వర్డ్‌ప్యాడ్‌ను మైక్రోసాఫ్ట్ 2024లో, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి తీసేసింది. ఉబుంటు, మింట్ లాంటి లినక్స్‌లకు మారిన చాలామంది దగ్గర ఏళ్లుగా అందులో కొట్టుకున్న ఆర్‌టీఎఫ్ ఫైళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. లినక్స్‌లో వాటితో పని సాగాలంటే ముందు చూసుకోవాల్సింది ఒకటే: ఆ తెలుగు, ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడా, లేక అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిందా?

అచ్చం వర్డ్‌ప్యాడే కావాలనుకునేవాళ్లకు తేలిక దారి వైన్, అంటే విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. ప్రోగ్రాములు వేసే ఆప్ట్ కమాండ్‌తో వైన్ ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్‌లో ఇంగ్లిషు చిన్న అక్షరాలతో వైన్ అని, ఒక ఖాళీ వదిలి వర్డ్‌ప్యాడ్ అని కొడితే తెరుచుకుంటుంది. విండోస్ సీడీ, లైసెన్సు ఏవీ అక్కర్లేదు, ఎందుకంటే ఇది మైక్రోసాఫ్ట్‌ది కాదు, వైన్ వాళ్లు సొంతంగా రాసుకున్నది. అసలుదాన్నే విండోస్ నుంచి కాపీ చేసి తెచ్చుకోవడం వృథా ప్రయాస. విండోస్ 7 నుంచి అది రిబ్బన్ మెనూతో నడుస్తుంది, ఆ రిబ్బన్ భాగం వైన్‌లో పేరుకే ఉంది.

వైన్ వర్డ్‌ప్యాడ్‌కు తెలిసినవి ఆర్‌టీఎఫ్, మామూలు టెక్స్ట్, యూనికోడ్ టెక్స్ట్. పాత డాక్ ఫైలు ఇస్తే కుదరదని సందేశం ఇచ్చి ఆగిపోతుంది. డాక్స్‌ఎక్స్ ఇస్తేనే ప్రమాదం: దాన్ని టెక్స్ట్ అనుకుని చెత్త అక్షరాలు చూపిస్తుంది. అప్పుడు పొరపాటున సేవ్ నొక్కారా, అసలు ఫైలు పోయినట్టే. అందుకే కాపీ తీసి తెరవండి. మీ ఫైళ్లు జెడ్ డ్రైవ్‌లో, హోమ్ ఫోల్డర్ కింద కనిపిస్తాయి. తెలుగు బదులు డబ్బాలు వస్తే మొత్తం సెలెక్ట్ చేసి నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఇవ్వండి. మెనూలు మరీ చిన్నగా ఉంటే వైన్ సెట్టింగుల్లో గ్రాఫిక్స్ ట్యాబ్‌కు వెళ్లి 96 డీపీఐని 120 చేయండి. లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్ మొరాయిస్తే సిస్టమ్ కీబోర్డ్ లేఅవుట్లలో ఉన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకోవచ్చు. చిన్న నోట్సుకు ఇది చాలు. నలభై పేజీల తెలుగు పత్రాన్ని దిద్దడానికి మాత్రం నేను సిఫారసు చేయను.

యూనికోడ్ తెలుగుకు నా ఓటు లిబ్రేఆఫీస్ రైటర్‌కే. ఆర్‌టీఎఫ్, డాక్, డాక్స్‌ఎక్స్ అన్నీ తెరుస్తుంది, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ఒక్క సెట్టింగు దగ్గరే చాలామంది ఇబ్బంది పడతారు. రైటర్ ఇంగ్లిషుకు ఒక ఫాంటు, భారతీయ లిపులకు వేరే ఫాంటు గుర్తుపెట్టుకుంటుంది. ఆ రెండోది తరచుగా లోహిత్ దేవనాగరి అయి ఉంటుంది, అందులో తెలుగు లేదు. టూల్స్‌లో ఆప్షన్స్, అక్కడ భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. తర్వాత రైటర్ విభాగంలో ఆ లిపులకు డిఫాల్ట్ ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు పెట్టండి. మీరు సైజు మార్చినా తెలుగు మారకపోవడం లాంటి తలనొప్పికి మూలం కూడా ఈ రెండు ఫాంట్ల ఏర్పాటే.

అను ఫైళ్ల సంగతి వేరు. అక్కడ తెలుగు అక్షరం వెనక ఉన్నది ఇంగ్లిషు అక్షరం కోడే. కాబట్టి రైటర్‌లో అది పాశ్చాత్య ఫాంటు కిందికి వస్తుంది. ఆ ఫాంటు ఫైళ్లను హోమ్‌లో, పేరు ముందు చుక్క ఉండే ఫాంట్స్ ఫోల్డర్‌లో వేస్తే చదవగలరు, ప్రింటూ తీయగలరు. అదే పద్ధతిలో కొత్తగా టైపు చేయడమే కష్టం. అను కీబోర్డ్ ప్రోగ్రాము విండోస్‌లో మీటలను మధ్యలో పట్టుకుని మారుస్తుంది. వైన్‌లో ఆ పని సాగుతుందని నమ్మి కూర్చోవద్దు. రోజూ అనులో కొట్టేవాళ్లకు, లినక్స్ లోపలే ఇంకో మెషీన్‌లా అసలు విండోస్‌ను నడిపే వర్చువల్‌బాక్సే దిక్కు.

దానికి ముందుగా, కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే బయాస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి, లేకపోతే మెషీన్ మొదలవ్వదు. కంప్యూటర్లో 8 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ 10కి 4 జీబీ, డిస్కు 50 జీబీ ఇవ్వండి. ఆ విండోస్‌లో వర్చువల్‌బాక్స్ వాళ్ల గెస్ట్ అడిషన్స్ ప్రోగ్రాము వేస్తే గానీ షేర్డ్ ఫోల్డరు, క్లిప్‌బోర్డు పనిచేయవు. వర్డ్‌ప్యాడ్ కోసమే అయితే కొత్త విండోస్ 11 వేయకండి, అందులో అది లేదు. విండోస్ 10 ఉచిత మద్దతు మామూలుగా 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఆ మెషీన్‌కు నెట్‌వర్క్ అడాప్టర్ తీసేసి వాడండి.