పిల్లల మాల్ట్ పొడులు: డబ్బా వెనక వైపు చదివి చూస్తే

ప్రకటనలో పిల్లాడు గ్లాసు ఖాళీ చేసి పరుగు పందెం గెలుస్తాడు. అమ్మానాన్నలు కొనేది ఆ గెలుపునే. డబ్బాలో ఉన్నదేమిటో వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి వరసగా రాయాలన్నది నియమం. చాలా పొడుల్లో మొదటి మూడు నాలుగు పేర్లలోనే చక్కెర వచ్చేస్తుంది. లిక్విడ్ గ్లూకోజ్ ఉంటే అదీ ఆ లెక్కే. 'అదనపు చక్కెర' అంకెను 100 గ్రాముల గడిలో చూడండి. అక్కడ 32 ఉంటే 20 గ్రాముల పొడిలో 6.4 గ్రాములు, అంటే సుమారు చెంచాన్నర. చెంచా కుప్పగా పోస్తే ఇంకా పెరుగుతుంది. పైన మళ్లీ పంచదార వేయడం శుద్ధ తప్పు.

మాంసకృత్తుల గొప్ప ఎక్కువగా పాలదే: 200 మిల్లీలీటర్ల పాలలోనే ఆరు గ్రాముల దాకా ఉంటాయి. ఐరన్, విటమిన్లు మాత్రం నిజంగానే కలుపుతారు, అది ఒప్పుకోవాలి.

2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటా సహా ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' విభాగం నుంచి తీసేయమని ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. ఆహార భద్రత చట్టంలో అలాంటి వర్గమే లేదు.

పాలు అసలు ముట్టని పిల్లలకు అలవాటయ్యేదాకా సగం మోతాదు చాలు. తాగేవాళ్లకు ఈ ఖర్చు దండగ. రాగిజావ మేలు: చెంచాన్నర పిండిని ముందు చల్లనీళ్లలో కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. పాలు పోసి సన్నసెగ మీద ఉడికించి, దించి కాస్త ఆరాకే బెల్లం వేయాలి. మరుగుతుండగా వేస్తే పాలు విరుగుతాయి.