కమోడోర్ 64తో 1541 డ్రైవ్, ఏడేళ్ల వాడకం: భయపడాల్సింది కేబుల్ దగ్గర

కమోడోర్ 64 అంటే 1982 నాటి ఇంటి కంప్యూటర్, 1541 దానికి తగిలించే ఫ్లాపీ డ్రైవ్. ఈ ఏడేళ్లలో నా కమోడోర్ 64 ఒకే ఒక్కసారి పాడైంది. గేమ్ ఆడుతుంటే కాదు, ఫ్లాపీ రాస్తుంటే కాదు. డ్రైవ్ కేబుల్ వదులై ఊడితే, కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే మళ్లీ గుచ్చాను. రెండు సెకన్ల పని. ఆ తర్వాత ఏం లోడ్ చేయబోయినా స్క్రీన్ మీద ‘డివైస్ నాట్ ప్రెజెంట్’ అన్న మాట తప్ప ఇంకోటి లేదు. డ్రైవే పోయిందనుకుని విప్పి చూశాను. తీరా ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే నిక్షేపంగా పనిచేసింది. పోయింది కంప్యూటర్ లోపలి 6526 చిప్, డ్రైవ్ లాంటి బయటి పరికరాలతో మాట్లాడేది.

ఎందుకు పోయిందో సర్క్యూట్ డయాగ్రమ్ చూశాక అర్థమైంది. డ్రైవ్ కేబుల్ గుచ్చే సీరియల్ పోర్టులో బయటికి వెళ్లే సిగ్నళ్లకు మధ్యలో 7406 అనే చిప్ ఉంటుంది. లోపలికి వచ్చే క్లాక్, డేటా లైన్లకు ఆ అడ్డు కూడా లేదు. సాకెట్ నుంచి తిన్నగా 6526 కాళ్లకే వెళ్తాయి. ఇప్పటి యూఎస్‌బీ ప్లగ్‌లో పవర్, గ్రౌండ్ పిన్నులు కాస్త పొడవుగా ఉండి ముందు తగులుతాయి. 1982 నాటి ఈ గుండ్రటి డిన్ ప్లగ్‌లో ఆ ఏర్పాటు లేదు. పక్కకి వంచి గుచ్చితే ఆరు పిన్నుల్లో ఏది ముందు తగులుతుందో చెప్పలేం. గ్రౌండ్ కలవకముందే డేటా పిన్ తగిలిందా, రెండు పెట్టెల మధ్య వోల్టేజ్ తేడా ఆ చిప్ మీదే పడుతుంది.

చిప్ మార్చాక కంప్యూటర్, డ్రైవ్ రెండూ ఆఫ్ చేసి గానీ కేబుల్ ముట్టుకోలేదు. అది చాలనే అనుకున్నాను. ఒకరోజు అలాగే ఆఫ్ చేసి కేబుల్ పట్టుకుంటే ప్లగ్ లోహపు అంచు వేలి వెనక తగిలి సన్నగా జివ్వుమంది. రెండూ ఆఫ్‌లో ఉంటే కరెంట్ ఎక్కడిది? టీవీది. నాది రెండు పిన్నుల ప్లగ్ ఉన్న టీవీ, ఎర్త్ లేదు. అలాంటి టీవీల్లో లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల గ్రౌండ్ మీద కొంత లీకేజ్ వోల్టేజ్ నిలుస్తుంది. వీడియో కేబుల్ గుండా అది కంప్యూటర్‌కీ, అక్కడి నుంచి డ్రైవ్ కేబుల్‌కీ వస్తుంది. కరెంట్ స్వల్పమే, మనిషికి చురుక్కుమనడంతో సరి. పాతకాలపు చిప్‌కి అదే ఎక్కువ. అందుకే ఇప్పుడు టీవీ ప్లగ్ కూడా గోడ నుంచి పీకేశాకే కేబుల్ జోలికి వెళ్తాను. జాగ్రత్తలన్నిట్లో నేను గట్టిగా చెప్పేది ఇదే, ఎందుకంటే స్విచ్ ఆపితే చాలని అందరం అనుకుంటాం.

కేబుల్ పెట్టాక ముందు డ్రైవ్, తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తాను. ఫ్లాపీ మాత్రం లోపల ఉండకూడదు. కంప్యూటర్ ఆన్ అయ్యీ అవగానే డ్రైవ్ ఎర్ర లైటు వెలిగి, మోటారు ఓ క్షణం గర్రుమని తిరిగి ఆగుతుంది. డ్రైవ్‌ని మొదటి స్థితికి తెచ్చే రీసెట్ లైన్ కూడా అదే కేబుల్‌లో ఉంది కాబట్టి ఆ శబ్దం వినిపించిందంటే కేబుల్ కుదురుగా ఉన్నట్టే. వినిపించకపోతే నేను కీబోర్డ్ ముట్టుకోను, అన్నీ ఆపి మొదటి నుంచి చూస్తాను. రెండు డ్రైవ్‌లు గొలుసుగా తగిలిస్తే రెండూ ఆన్‌లోనే ఉండాలి. ఆపేసిన డ్రైవ్ ఒకటి గొలుసులో ఉంటే మొత్తం బిగుసుకుపోవచ్చు.

ఇక అడాప్టర్. డ్రైవ్‌తో దీనికి సంబంధం లేదనిపిస్తుంది గానీ, డ్రైవ్ మీద నింద వేసే చాలా సమస్యలకు మూలం ఇదే. కమోడోర్ 64 పాత అడాప్టర్ నుంచి 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ వస్తాయి. లోపలి రెగ్యులేటర్ పాడైతే 5 వోల్టులు కాస్తా పెరిగి ర్యామ్ చిప్‌లను కాల్చేస్తాయి. మల్టీమీటర్‌లో 5.25 దాటితే ఆ అడాప్టర్‌ని పక్కన పెట్టేయాల్సిందే. ఈరోజు సరిగ్గా ఉన్నంత మాత్రాన రేపూ ఉంటుందని లేదు, అందుకే నేను కొత్తది వాడుతున్నాను.

డ్రైవ్ సంగతికొస్తే, 1541 నాకు చాలా ఇష్టం. అందులో సొంతంగా 6502 ప్రాసెసర్, 2 కేబీ ర్యామ్ ఉన్నాయి, అంటే అదే ఓ చిన్న కంప్యూటర్. నెమ్మదైనదన్న మాట నిజమే, మామూలు లోడింగ్ సెకనుకు సుమారు 400 బైట్లు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉండటంతో గంటసేపు వాడితే పైమూత బాగా వేడెక్కుతుంది, దాని మీద ఏమీ పెట్టకండి. కొత్తగా కొనేవాళ్లకి మాత్రం 1541-2 మేలంటాను. దాని పవర్ సప్లై బయట ఉంటుంది, వేడి సమస్య తక్కువ.

రోజువారీ వాడకానికి ఫ్లాపీ డ్రైవ్ బదులు తగిలించే ఎస్‌డీ2ఐఈసీ అనే చిన్న పరికరం కూడా నాలుగేళ్లుగా ఉంది. మెమరీ కార్డు మీద నడుస్తుంది, శబ్దం లేదు, వేడి లేదు. లోపల నిజమైన 1541 లేదు కాబట్టి లోడింగ్ వేగం పెంచే ఫాస్ట్ లోడర్ ప్రోగ్రామ్‌లు కొన్ని దీని మీద నడవవు. అందుకే పాత డ్రైవ్‌ని అటకెక్కించలేదు. నాది కరెంటు క్యాసెట్ పోర్టు నుంచి తీసుకునే రకం. ఆ పోర్టులో మొదటి కాంటాక్ట్ గ్రౌండ్, పక్కదే 5 వోల్టులు. నాకొచ్చిన కనెక్టర్‌లో కీ, అంటే తప్పుగా గుచ్చకుండా ఆపే అడ్డుముక్క, లేదు. ఒక్క గడి పక్కకి జరిగిందంటే గ్రౌండ్ ఉండాల్సిన చోట 5 వోల్టులు వస్తాయి. వెంటనే సన్నటి ప్లాస్టిక్ ముక్క కోసి కీ ఉండాల్సిన గాడిలో అతికించాను. పై వైపు తెల్ల పెయింట్ చుక్క పెట్టాను. ఇప్పుడది ఒక్క తీరుగానే లోపలికి వెళ్తుంది.